నిఘంటువులలో ప్రయోగనిర్దేశము

పదమునకు అర్థము చెప్పుట నిఘంటుకారుని మొదటి పని. ఆ యర్థమున ఆ పదమును ఏ కవి, ఏ గ్రంథమున, ఏ తావున వాడెనో చూపి తన మాటకు సాక్ష్యము నిలుపుట రెండవ పని. ఈ రెండవ పని తెలుగు నిఘంటువులలో చాల ఆలస్యముగ ప్రవేశించినది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును, ఆడిదము సూరకవి ఆంధ్రనామశేషమును, కస్తూరి రంగకవి సాంబనిఘంటువును పద్యములలో రచించిరి. వల్లించి కంఠస్థము చేయుటకై కూర్చిన యా కోశములలో పర్యాయపదములకే గాని ప్రయోగములకు చోటు లేదు. చదువరికి నిఘంటుకర్త మాటయే ప్రమాణము.

అట్లని ప్రయోగము చూపు నాచారము తెలుగువారెఱుగనిది కాదు. ఒక యతికో, ప్రాసకో, శబ్దరూపమునకో సాధుత్వము నిరూపింపవలసి వచ్చినప్పుడు అప్పకవి మొదలగు లాక్షణికులు పూర్వకవుల పద్యములను లక్ష్యములుగ నుదాహరించుచు, అవి యే కావ్యములలోనివో చెప్పుచు వచ్చిరి. పెదపాటి జగన్నాథకవి సంకలించిన ప్రబంధరత్నాకరమున, నేడు మనకు లభింపని పెక్కు కావ్యముల పద్యములు కర్తృనామముతో, కృతినామముతో నిలిచియున్నవి. ఆకరము పేర్కొనుట యను నీ చిన్న శ్రద్ధయే లేకున్న నా కవులలో కొందఱి పేరులు సైతము మనకు దక్కియుండెడివి కావు.

లాక్షణికుల యీ పద్ధతిని నిఘంటువునకు విరివిగ తెచ్చినవారిలో ముందుగ పేర్కొనదగినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. కడపలోని తన బంగళాయందు పండితులను జీతములిచ్చి నిలిపి, వ్రాతప్రతులను పోగుచేయించి, పాఠములు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించిన యా దొర, 1852లో చెన్నపట్టణమున ముద్రితమైన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువున కావ్యమునకొక పొడియక్షరాల సంకేతమును, దాని వెంట ఆశ్వాససంఖ్యను, పద్యసంఖ్యను పెక్కుచోట్ల నిచ్చెను. పిమ్మట బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో వెలువరించిన శబ్దరత్నాకరమున, భారతమును 'భార.' అనియు, విరాటపర్వమును 'విరా.' అనియు కుదించి చూపు నలవాటు స్థిరపడినది. 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు, పిఠాపురాధీశ్వరుల పోషణమున, జయంతి రామయ్యపంతులు సారథ్యమున తలపెట్టిన సూర్యరాయాంధ్రనిఘంటువు ఈ పద్ధతిని పరాకాష్ఠకు గొనిపోయినది. దాని మొదటి సంపుటము 1936లో వెలువడగా ఎనిమిది సంపుటములు ముగియుటకు 1972 వఱకు పట్టినది; ఆ జాప్యమున కొకపాలు కారణము, ప్రతి పదమునకును ప్రయోగము వెదకి సరిచూడవలసి వచ్చుటయే.

ఈ ఘనకార్యమునకు రెండు కొఱతలు లేకపోలేదు. ప్రతి మాఱిన పద్యసంఖ్య మాఱును. ఒక ముద్రణమున ప్రక్షిప్తమని తొలగించిన పద్యము వేఱొకదానిలో నుండును. కనుక నిఘంటువు చెప్పిన సంఖ్యకడ ఆ పద్యము కానరాక చదువరి ఆశ్వాసమంతయు గాలింపవలసి వచ్చును. ఇక రెండవది, కావ్యమునకెక్కిన మాటకే సాక్ష్యము దొరకును గాన, నాగలి దున్నువాని మాటయు, మగ్గము నేయువాని మాటయు వాకిటనే నిలిచిపోయినవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము, కావ్యమునకు మాఱుగ ప్రాంతమును ఆకరముగ చూపి, ఈ రెండవ కొఱతను తీర్చుటకు దారి చూపినది.

మొదటి కొఱతకు ఉపాయము కంప్యూటరు కాలమున లభించినది. స్వచ్ఛందముగ పనిచేయువారు కూర్చు అంతర్జాలనిఘంటువై 2002లో ప్రారంభమైన ఇంగ్లీషు విక్షనరీలో, విస్తారమైన లిఖితవాఙ్మయము గల భాషలోని పదమును నిలుపుటకు, ఏడాదికి తక్కువ గాని వ్యవధిలో పరస్పరసంబంధము లేని మూడు ప్రయోగములు చూపవలెనన్నది సామాన్యనియమము; అందఱికిని తెలిసి విరివిగ వాడబడు పదములకు మాత్రము మినహాయింపు కలదు. ఉదాహరణమును చేర్చువారు కవిపేరు, గ్రంథము, సంవత్సరము, పుట, వాక్యము అను గళ్ళు గల యొక మూసను నింపుదురు. తఱచుగ నుదాహరింపబడు గ్రంథములకు వేఱువేఱు మూసలే కలవు. అట్టివానిలో కొన్నిటియందు పుటసంఖ్య యిచ్చినంతనే అధ్యాయము తనంత తానుగ చేరుటయే గాక, ముద్రితప్రతి ఛాయాచిత్రమునకు లంకె యేర్పడును. ముద్రణసంవత్సరము తప్పని తేలినచో మూస నొక్కచోట దిద్దిన చాలును, దానిని వాడిన పుటలన్నియు దిద్దుకొనును. అచ్చునిఘంటువులలో, పీఠికలోని సంకేతసూచికకును లోపలి యుదాహరణమునకును నడుమ నుండిన దూర మీవిధముగ తొలగినది.

తెలుగు విక్షనరీ పుటలయందు 'పదప్రయోగాలు' అను శీర్షిక కలదు. దానిక్రింద పద్యపాదమును వ్రాసి యూరకుండుట కంటె కవి, కావ్యము, ఆశ్వాసము, పద్యసంఖ్య, పరిష్కర్త, ముద్రణసంవత్సరము అను గళ్ళతో పద్యమునకొకటియు, పుటసంఖ్యతో గద్యమునకొకటియు, జిల్లా, వృత్తి అను గళ్ళతో వాడుకమాటకొకటియు మూసలు కల్పించుట మేలు. గళ్ళను మూస యేర్పఱచును గాని, పుస్తకము తెఱచి పాఠము సరిచూచు పనిని చేయజాలదు. బ్రౌను జీతమిచ్చి పండితులచేత చేయించిన యా పనిని నేడు జీతము గొనక చేయుటకు ముందుకు వచ్చినవారిదే ఈ నిఘంటువు మంచిచెడ్డల భారము.