ఏ యంత్రాల మీదికి? డిప్లాయ్‌మెంట్ టార్గెట్ల నలభై ఏళ్ల చరిత్ర

సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ప్రోగ్రాం రాసేవారికి పేరొస్తుంది. రాసిన ప్రోగ్రాంను వాడకంలోకి తెచ్చేవారి పని తెర వెనకే ఉండిపోతుంది. ఆ పనిలో అన్నిటికన్నా ముందు తేలాల్సింది, కొత్త వెర్షన్ ఏ యంత్రాల మీదికి వెళ్లాలన్నది. వెళ్లాల్సిన చోటు సర్వర్ కావచ్చు, క్లౌడ్‌లో నడిచే వెబ్ యాప్ కావచ్చు, కుబర్నెటీస్ క్లస్టర్ కావచ్చు. వాటన్నిటినీ కలిపి ఈ రంగంలో డిప్లాయ్‌మెంట్ టార్గెట్లు అంటారు. రిలీజ్ ఆటోమేషన్ చరిత్రను వేగం పెరిగిన కథగా చెప్పడం అలవాటైపోయింది. నెలకోసారి జరిగే విడుదల రోజుకు పదిసార్లు జరగడం గొప్ప మార్పే. కానీ ఆ వేగానికి ఆధారం యంత్రాల జాబితా. దాన్ని ఎవరు రాయాలి, అది నిజమేనని ఎవరు పూచీపడాలి? నాలుగు దశాబ్దాలుగా ఈ రంగం కుస్తీ పడుతున్నది ఈ ప్రశ్నతోనే.

చేత్తో రాసిన జాబితాలు

1980ల తొలి సగంలో విశ్వవిద్యాలయాల్లో ఒక్క పెద్ద కంప్యూటర్ స్థానంలోకి నెట్‌వర్క్‌తో కలిపిన అనేక యూనిక్స్ యంత్రాలు వచ్చాయి. ఒకే ప్రోగ్రాం కొత్త వెర్షన్‌ను వాటన్నిటికీ పంపాల్సిన అవసరం అప్పుడే పుట్టింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో తయారై, 1986 నాటి 4.3 బీఎస్‌డీ యూనిక్స్‌తో బయటికొచ్చిన ఆర్‌డిస్ట్ ఈ పనికి తొలి సాధనాల్లో ఒకటి. దానికి డిస్ట్‌ఫైల్ అనే చిన్న ఫైలు రాసివ్వాలి. ఏ ఫైళ్లు పంపాలి, ఏ యంత్రాలకు పంపాలి, పంపాక అక్కడ ఏ కమాండ్ నడపాలి, ఎవరికి మెయిల్ ద్వారా తెలియజేయాలి అన్నవి అందులో ఉంటాయి. నేటి రిలీజ్ సాధనాలు అడిగేదీ ఇంచుమించు ఈ నాలుగే.

ఆ రోజుల్లో యంత్రాల మధ్య నమ్మకం చాలా తేలిగ్గా కుదిరేది. ఫలానా యంత్రం నుంచి వచ్చేవారిని పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి రానిమ్మని ఒక ఫైలులో రాస్తే సరిపోయేది. పేరు చెబితే నమ్మే ఆ పద్ధతి ఇంటర్నెట్ విస్తరించాక నిలవలేదు. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల దొంగతనం జరిగాక, అక్కడి పరిశోధకుడు టాటు ఇలోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రూపొందించాడు. యంత్రం తన గుర్తింపును తాళంచెవుల జతతో రుజువు చేసుకునే ఏర్పాటు అది. మరుసటి ఏడాది ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మకెరాస్ విడుదల చేసిన ఆర్‌సింక్, మారిన భాగాలను మాత్రమే పంపి సమయం ఆదా చేసింది. ఎస్‌ఎస్‌హెచ్, ఆర్‌సింక్, సర్వర్ల పేర్లున్న ఒక టెక్స్ట్ ఫైలు, ఆ పేర్లను వరసగా తీసుకునే షెల్ స్క్రిప్టు: ఎన్నో సంస్థల్లో విడుదలలు చాలాకాలం వీటితోనే నడిచాయి. కొన్నిచోట్ల ఇంకా నడుస్తున్నాయి.

ఈ పద్ధతి లోపం జాబితాలోనే ఉంది. కొత్తగా తెచ్చిన సర్వర్ పేరు ఎవరైనా గుర్తుంచుకుని చేరిస్తేనే అది జాబితాకెక్కుతుంది. ఆగిపోయిన సర్వర్ దగ్గర స్క్రిప్టు ఒక ఎర్రర్ వాక్యం రాసి ముందుకు సాగిపోతుంది. ఆ వాక్యాన్ని చదివేవారు లేకపోతే పని పూర్తయిందనే అందరూ అనుకుంటారు.

యంత్రమే తన వివరం చెబితే

1993లో ఓస్లోలో మార్క్ బర్జెస్ సీఎఫ్‌ఇంజిన్‌ను మొదలుపెట్టినప్పుడు ఆలోచన మలుపు తిరిగింది. భౌతికశాస్త్రం చదివిన బర్జెస్ రకరకాల యూనిక్స్ యంత్రాలను చూసుకోవలసి వచ్చింది. ఒక్కో రకానికి ఒక్కో స్క్రిప్టు రాస్తూ పోవడం కుదరదని గ్రహించాడు. సీఎఫ్‌ఇంజిన్‌లో ప్రతి యంత్రం తన ఆపరేటింగ్ సిస్టం ఏమిటో, తన పేరేమిటో, ఇప్పుడు సమయమెంతో తానే గుర్తించి, తాను ఏ తరగతులకు చెందుతుందో తేల్చుకుంటుంది. నిబంధనలు తరగతుల కోసం రాస్తారు. తనకు వర్తించేవాటిని యంత్రమే అమలు చేసుకుంటుంది. ఫలానా పేరున్న యంత్రానికి పంపు అనే దశ నుంచి, ఫలానా లక్షణాలున్న యంత్రాలన్నీ ఇలా ఉండాలి అనే దశకు ఈ రంగం చేరింది.

2005లో ల్యూక్ కేనీస్ తెచ్చిన పపెట్ దీనికి గుర్తింపు పత్రాన్ని జోడించింది. కొత్త యంత్రంలో నడిచే ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం ముందుగా సర్టిఫికెట్ కోసం కేంద్ర సర్వర్‌కు అర్జీ పంపుతుంది. నిర్వాహకుడు దానిమీద సంతకం చేశాకే ఆ యంత్రానికి ఆదేశాలు అందుతాయి. జాబితాలో పేరుంటే చాలదు, ఆ పేరుతో వచ్చింది ఆ యంత్రమేనని తేలాలి అన్న నియమం రోజువారీ పనిలో భాగమైంది.

అదే ఏడాది జేమిస్ బక్ రూబీ ఆన్ రెయిల్స్ అప్లికేషన్ల కోసం రాసిన సాధనం తర్వాత కాపిస్ట్రానోగా పేరుపొందింది. అది సర్వర్లను పాత్రలుగా విభజించింది: వెబ్, యాప్, డేటాబేస్. డేటాబేస్ మార్పులు ప్రధాన సర్వర్ మీద ఒక్కసారే నడవాలి, కోడ్ మాత్రం యాప్ సర్వర్లన్నిటికీ చేరాలి. ఈ తేడాను జాబితాలోనే చెప్పగలగడం దాని బలం. ప్రతి విడుదలకూ వేరే ఫోల్డర్ కేటాయించి, వాడుకలో ఉన్నదాన్ని ఒక లింకుతో సూచించడం వల్ల వెనక్కి వెళ్లడమూ సులువైంది. 2012లో మైకేల్ డీహాన్ మొదలుపెట్టిన ఆన్సిబుల్ ఈ జాబితాకు ఇన్వెంటరీ అని పేరుపెట్టి, సర్వర్లలో ఏజెంట్ అవసరం లేకుండా ఎస్‌ఎస్‌హెచ్ మీదే నడిచింది. చేత్తో రాసిన ఫైలుకు బదులు క్లౌడ్ సంస్థను అడిగి అప్పటికప్పుడు జాబితా తయారుచేసుకునే వీలూ కల్పించింది.

ఎనిమిదో సర్వర్

సాధనాలు ఇంత ఎదిగిన 2012లోనే, వాటిని పట్టించుకోకపోతే ఏమవుతుందో ఒక సంఘటన చూపించింది. నైట్ క్యాపిటల్ అమెరికా షేర్ల మార్కెట్లో పెద్ద ట్రేడింగ్ సంస్థ. ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ప్రారంభించనున్న కొత్త సదుపాయం కోసం ఆ సంస్థ తన ఆర్డర్ల వ్యవస్థకు కొత్త కోడ్ సిద్ధం చేసింది. జూలై 27 నుంచి దాన్ని దశలవారీగా సర్వర్లలో పెట్టారు. మొత్తం ఎనిమిది సర్వర్లు. ఒకదానిలో కొత్త కోడ్ పెట్టడం సాంకేతిక సిబ్బంది మరిచారు. రెండో వ్యక్తి సరిచూడలేదు. సరిచూడాలన్న నియమమూ ఆ సంస్థలో రాతపూర్వకంగా లేదు.

ఆ ఎనిమిదో సర్వర్‌లో 2003లోనే వాడకం మానేసిన పవర్ పెగ్ అనే పాత ప్రోగ్రాం ఇంకా ఉంది. ఒకప్పుడు దాన్ని నిద్రలేపిన సంకేతాన్నే కొత్త కోడ్‌కూ వాడారు. మార్కెట్ తెరవగానే ఏడు సర్వర్లు సక్రమంగా పనిచేశాయి. ఎనిమిదోది పాత ప్రోగ్రాంను నడిపి, ఆగకుండా ఆర్డర్లు పంపింది. ఖాతాదారుల 212 ఆర్డర్లను పూర్తిచేసే ప్రయత్నంలో దాదాపు 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగాయి. చేతులు మారిన షేర్లు 39.7 కోట్లకు పైమాటే. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. కారణం తెలియక సిబ్బంది ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ను తీసేశారు. దాంతో అవి కూడా పాత ప్రోగ్రాంను నడపడం మొదలుపెట్టి నష్టం ఇంకా పెరిగింది. మార్కెట్ తెరవడానికి ముందే వ్యవస్థ నుంచి 97 ఈమెయిళ్లు పవర్ పెగ్ పేరుతో లోపాన్ని తెలిపాయి. వాటిని హెచ్చరికలుగా ఎవరూ తీసుకోలేదు. అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2013 అక్టోబరులో ఈ వివరాలన్నీ తన ఉత్తర్వులో నమోదు చేసి, 1.2 కోట్ల డాలర్ల జరిమానా విధించింది.

ఇక్కడ హ్యాకర్ లేడు. కొత్త కోడ్‌లో చెప్పుకోదగ్గ తప్పూ లేదు. ఏ యంత్రంలో ఏ వెర్షన్ ఉందన్న చిన్న ప్రశ్నకు ఆ ఉదయం ఆ సంస్థలో ఎవరి దగ్గరా నమ్మదగిన జవాబు లేదు. అంతే.

నమోదు, పర్యావరణం, ఆరోగ్య పరీక్ష

ఆ జవాబును ఒక తెర మీద చూపించడమే పనిగా పెట్టుకున్న సాధనాలు అదే కాలంలో వచ్చాయి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పాల్ స్టోవెల్ మొదలుపెట్టిన ఆక్టోపస్ డిప్లాయ్ వాటిలో ముఖ్యమైనది. విండోస్, డాట్‌నెట్ అప్లికేషన్ల కోసం పుట్టిన ఈ సాధనం టార్గెట్ నిర్వహణను దాదాపు ఒక శాస్త్రంగా మలిచింది.

ప్రతి సర్వర్‌లో టెంటకిల్ అనే ఏజెంట్‌ను పెడతారు. ఏజెంట్ తన సర్టిఫికెట్‌ను తానే తయారుచేసుకుంటుంది. కేంద్ర సర్వర్ సర్టిఫికెట్ వేలిముద్ర ఏజెంట్ దగ్గర, ఏజెంట్ వేలిముద్ర సర్వర్ దగ్గర నమోదవుతాయి. నమ్మకం రెండు వైపులా రుజువయ్యాకే సంభాషణ మొదలవుతుంది. కేంద్రం నుంచి పిలుపు కోసం ఏజెంట్ 10933 పోర్టులో ఎదురుచూడటం ఒక పద్ధతి. బయటినుంచి ఎవరినీ రానివ్వని నెట్‌వర్క్‌లో ఉన్న ఏజెంట్ తానే కేంద్ర సర్వర్ 10943 పోర్టుకు వెళ్లి పని అడగడం రెండో పద్ధతి. ఫైర్‌వాల్ ఎవరి చేతిలో ఉందన్న దాన్నిబట్టి ఎంపిక ఉంటుంది.

తర్వాత టార్గెట్‌కు పర్యావరణం (ఎన్విరాన్‌మెంట్) కేటాయించాలి: డెవలప్‌మెంట్, టెస్ట్, ప్రొడక్షన్. ఆపైన పాత్ర లేదా ట్యాగ్ తగిలించాలి. విడుదల ప్రణాళికలో సర్వర్ పేరు ఎక్కడా రాయరు. ప్రొడక్షన్‌లో వెబ్ ట్యాగ్ ఉన్న యంత్రాలన్నిటికీ పంపు అని రాస్తారు. రేపు రెండు సర్వర్లు కొత్తగా చేరినా ప్రణాళిక మారదు. టెస్ట్‌లో నెగ్గిన ప్యాకేజీనే ప్రొడక్షన్‌కు పంపాలన్న నియమం, జెజ్ హంబుల్, డేవిడ్ ఫార్లీ 2010లో తమ కంటిన్యువస్ డెలివరీ పుస్తకంలో గట్టిగా వాదించినది, ఈ పర్యావరణాల వరసతో ఆచరణలోకి వచ్చింది.

నమోదుతో పని పూర్తికాదు. కేంద్ర సర్వర్ క్రమం తప్పకుండా ప్రతి టార్గెట్‌నూ పలకరించి, అది ఆరోగ్యంగా ఉందో లేదో రాసుకుంటుంది. 2015లో వచ్చిన 3.0 వెర్షన్‌తో ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లైనక్స్ యంత్రాలు, మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లోని వెబ్ యాప్‌లు, అసలు నెట్‌వర్క్‌తో సంబంధమే లేని యంత్రాలు కూడా టార్గెట్లయ్యాయి. చివరి రకానికి ప్యాకేజీని ఒక ఫోల్డర్‌లో సిద్ధం చేసి ఉంచితే, మనిషి మోసుకెళ్లి అక్కడ నడుపుతాడు. అలాంటి యంత్రమూ జాబితాలో ఉండటం వల్ల, చేత్తో చేసిన విడుదల కూడా లెక్కకెక్కుతుంది.

పుట్టి గిట్టే యంత్రాలు

ఈలోగా జాబితా పునాదే కదిలింది. అమెజాన్ 2006లో ఈసీ2 అనే అద్దె సర్వర్ల సేవను, 2009లో రద్దీని బట్టి సర్వర్ల సంఖ్యను పెంచి తగ్గించే సదుపాయాన్ని తెచ్చింది. ఉదయం ఉన్న సర్వర్ సాయంత్రానికి ఉండకపోవచ్చు. చనిపోయినవారి పేర్లు మిగిలి, కొత్తగా పద్దెనిమిదేళ్లు నిండినవారి పేర్లు ఎక్కని ఓటరు జాబితాలా టార్గెట్ల జాబితా తయారయ్యే ప్రమాదం వచ్చింది. అందుకే ఆక్టోపస్ 2016లో మెషీన్ పాలసీలు, ట్రిగ్గర్లు తెచ్చింది. ఇంతకాలం పలకని టార్గెట్‌ను తొలగించు, కొత్తగా నమోదైనదానికి ఇప్పటికే అమల్లో ఉన్న వెర్షన్‌ను దానంతటదే పంపు అని ముందే చెప్పి ఉంచవచ్చు.

అమెజాన్ తన సొంత అవసరానికి అంతకుముందే అపోలో అనే డిప్లాయ్‌మెంట్ వ్యవస్థను నిర్మించుకుంది. 2014 నవంబరుకు ముందరి పన్నెండు నెలల్లో దాని ద్వారా 5 కోట్ల డిప్లాయ్‌మెంట్లు జరిగాయని ఆ సంస్థ సాంకేతికాధిపతి వెర్నర్ వోగెల్స్ వెల్లడించాడు. ఆ అనుభవం నుంచే కోడ్‌డిప్లాయ్ సేవ వచ్చింది. ట్యాగులతో సమూహాన్ని నిర్వచించి, ఒక్కొక్కటిగా, సగం సగంగా, లేదా అన్నిటికీ ఒకేసారి పంపాలో అందులో ఎంచుకోవచ్చు.

యంత్రాల సమూహాన్ని (క్లస్టర్) ఒక్కటిగా నడిపే కుబర్నెటీస్‌ను 2014లో గూగుల్ బయటపెట్టింది; అది మరో అడుగు వేసింది. అక్కడ విడుదల చేసేవారికి ఏ యంత్రమన్నది పట్టదు. కావలసిన స్థితిని క్లస్టర్‌కు ప్రకటిస్తే, ఉన్న స్థితిని అందుకు సరిపోల్చి సరిదిద్దే పని కంట్రోలర్లది. టార్గెట్ అంటే ఇప్పుడు క్లస్టరు, అందులో ఒక విభాగమైన నేమ్‌స్పేసు. 2017లో వీవ్‌వర్క్స్‌కు చెందిన అలెక్సిస్ రిచర్డ్‌సన్ ప్రచారంలోకి తెచ్చిన గిట్‌ఆప్స్ పద్ధతిలో ఆ ప్రకటన, కోడ్ మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ రిపాజిటరీలో ఉంటుంది. క్లస్టర్‌లోని ఏజెంట్ దాన్ని చూసి మార్పులు లాక్కుంటుంది. బర్జెస్ 1993లో పట్టుకున్న సూత్రమే ఇది: చివరి స్థితిని చెప్పు, అక్కడికి చేరడం యంత్రానికి వదులు.

అందరికీ ఒకేసారి

యంత్రాలన్నిటినీ ఒకేసారి చేరగల శక్తి వచ్చాక దానితోపాటు కొత్త ప్రమాదమూ వచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్ఠమైన కంటెంట్ అప్‌డేట్ ప్రపంచమంతటా విండోస్ యంత్రాలను కూల్చింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం వాటి సంఖ్య 85 లక్షలు. ఆ అప్‌డేట్‌ను 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నా, అప్పటికే కూలిన యంత్రాలు కోలుకోవడానికి చాలాచోట్ల మనిషి చేయి పడాల్సి వచ్చింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. నైట్ క్యాపిటల్‌లో ఒక టార్గెట్ తప్పిపోయింది. ఇక్కడ సమస్య టార్గెట్ తప్పిపోవడం కాదు. కొద్ది యంత్రాల్లో ముందు చూసి, ఆరోగ్యం సరిచూసుకుని, విడతలవారీగా విస్తరించే పద్ధతిని ఆ రకం అప్‌డేట్లకు పాటించకపోవడమే ఇక్కడి లోపం. తర్వాత ఆ సంస్థ దశలవారీ విడుదలను ప్రకటించింది.

జాబితా సంపూర్ణంగా ఉండటం ఎంత అవసరమో, దాన్ని సమూహాలుగా విభజించి ఉంచడమూ అంతే అవసరమని ఈ రెండు ఘటనలూ కలిపి చెబుతున్నాయి.

హైదరాబాదులో కూర్చుని అమెరికా, యూరప్ సంస్థల ప్రొడక్షన్ విడుదలలు నడిపే తెలుగు ఇంజనీర్లు వేలల్లో ఉన్నారు. అమీర్‌పేట శిక్షణ సంస్థల్లో డెవాప్స్ నేర్చుకుని ఈ పనిలోకి వస్తున్న యువతా ఉంది. సాధనాలు మారతాయి. ఇవాళ నేర్చుకున్న కమాండ్ అయిదేళ్లకు పాతబడుతుంది. కానీ విడుదల బటన్ నొక్కే ముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు నలభై ఏళ్లుగా మారలేదు. ఈ జాబితాలో ఉండాల్సినవన్నీ ఉన్నాయా? ఉండకూడనిది ఏదైనా ఉందా? ప్రతి యంత్రంలో ఇప్పుడున్న వెర్షన్ ఏదో నాకు తెలుసా? ముందు ఎన్నింటికి పంపుతున్నాను, ఎక్కడ ఆగి చూస్తాను? రెండో మనిషి చూశాడా? శిక్షణ ఇచ్చేవారు కమాండ్ల కంటే ముందు ఈ ప్రశ్నలు నేర్పాలి. సంస్థలు వీటికి జవాబు లేని విడుదలను ఆపే అధికారం తమ ఇంజనీర్లకు ఇవ్వాలి.