నరసాపురం లేసు పూలు

పశ్చిమగోదావరి జిల్లా నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల గ్రామాల్లో ఆడవాళ్లు నూలు దారంతో, కొక్కెం ఉన్న ఒకే ఒక సూదితో అల్లే చిన్న పూలను నరసాపురం లేసు పూలు అంటారు. ఒక్కో పూవు అరచేతిలో ఇమిడిపోతుంది. అలాంటివి వందల కొద్దీ కలిపి అతికితే బల్లగుడ్డ, దుప్పటి, తెర, దిండుగలీబు తయారవుతాయి. ఈ అల్లికకు ప్రపంచమంతటా ఉన్న పేరు క్రోషే. మన ఊళ్లలో మాత్రం ఎప్పటినుంచో అది ‘లేసు’, చేసే పని ‘లేసు అల్లడం’.

పూవు అల్లే పద్ధతి చూడ్డానికి తేలిక. నాలుగైదు గొలుసు ముడులు వేసి కొసలు రెండూ కలిపితే చిన్న రింగు వస్తుంది, అదే పూవు బొడ్డు. దాని చుట్టూ రేకులు పుట్టిస్తారు. ఒక్కో రేకుకూ మొదట పొట్టి కుట్టు, నడుమ పొడవాటి కుట్లు, చివర మళ్లీ పొట్టి కుట్టు వేస్తారు. రేకు గుండ్రంగా రావడంలోని కిటుకంతా ఇంతే. గులాబీలాగా రెండు మూడు వరసల రేకులు కావాలంటే ముందు వరస వెనక గొలుసులతో కమానులు కట్టి, వాటిమీద ఇంకొంచెం పెద్ద రేకులు అల్లుతారు. కష్టమల్లా బిగువు దగ్గర ఉంది. దారం లాగే చెయ్యి ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. ఒకే దారంతో, ఒకే సూదితో అల్లినా ఇద్దరి పూలు ఒకే కొలతకు రావు.

లేసును పోలిన గుడ్డను యంత్రాలు ఏనాడో తయారు చేశాయి. కొక్కెం అల్లికను ఉన్నదున్నట్టు అల్లే యంత్రం మాత్రం మార్కెట్లోకి రాలేదు. నిజమైన క్రోషే పూవు ఎక్కడ కనిపించినా దాన్ని ఎవరో కూర్చుని చేత్తో అల్లారన్నమాటే. అందుకే దీని చరిత్రలో నమూనాల కన్నా ముందు చూడాల్సింది అల్లినవాళ్లను, వాళ్లకు ముట్టిన కూలిని.

యూరప్‌లో ఈ అల్లిక 19వ శతాబ్దం మొదటి భాగంలో ఊపందుకుంది. అచ్చయిన తొలి నమూనాలుగా 1820లలో వెలువడిన ‘పెనెలోపె’ అనే డచ్చి పత్రికలోనివాటిని చెబుతారు. చిన్న పూలకు అసలు పుట్టిల్లు మాత్రం ఐర్లండ్. 1845లో అక్కడ బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కరువు వచ్చింది. పూట గడవని కుటుంబాలకు క్రైస్తవ సన్యాసినులు, పాదరీల భార్యలు ఈ పని నేర్పారు. మొనహన్ కౌంటీలోని క్లోన్స్ అనే ఊళ్లో కసాండ్రా హ్యాండ్ అనే పాదరీ భార్య 1847లో మొదలుపెట్టిన పని అక్కడి లేసుకు ఆ ఊరి పేరే తెచ్చింది. గులాబీలు, ఆకులు విడివిడిగా అల్లి, తర్వాత సన్నని వలతో ఒకచోటికి కలపడం ఐరిష్ పద్ధతి. ఏళ్ల తరబడి సాధన చేసి వెనిస్ లేసును అనుకరించే బదులు, ఒకామె గులాబీ మాత్రమే, ఇంకొకామె ఆకు మాత్రమే నేర్చుకుంటే చాలు. ఆకలిగొన్న ఇంట్లోకి నాలుగు డబ్బులు త్వరగా వస్తాయి.

గోదావరి కథ కూడా ఇంచుమించు ఇలాగే నడిచింది. 1832-33 నాటి కరువులో ఉత్తర సర్కారు జిల్లాలు చితికిపోయాయి. గోదావరిపై కాటన్ ఆనకట్ట పని 1847 దాకా మొదలుకాలేదు. ఆ మధ్యకాలంలోనే, 1836లో, విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చి నరసాపురం ప్రాంతంలో మిషను పని ప్రారంభించాయి. 1844 ప్రాంతంలో మెక్రే అనే దంపతులు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. నదికి ఎగువన ఉన్న దుమ్ముగూడెం మిషనులో కూడా ఈ పని వేళ్లూనుకుంది. కొత్తగా క్రైస్తవం పుచ్చుకున్న దళిత మహిళలే తొలి అల్లికదారులు. దొరసానులు దారం ఇచ్చేవారు, అల్లినదాన్ని ఇంగ్లండులోని స్నేహితులకు పంపి అమ్మించి కూలి ముట్టజెప్పేవారు.

1900 ప్రాంతంలో నరసాపురానికి చెందిన జోనా, జోసెఫ్ అనే అన్నదమ్ములు దీన్ని ఎగుమతి వ్యాపారంగా మార్చారు. ఆ తర్వాత హిందూ వర్తకులు దిగారు. గడప దాటి కూలికి వెళ్లడం పరువు తక్కువని తలచే కాపు కుటుంబాల ఆడవాళ్లు కూడా అల్లిక అందుకున్నారు. ఐర్లండులో లాగే పని ముక్కలైంది. విడి పూలు అల్లడం చేతిపని. వాటిని కలపడం అతుకుపని. అంచు కట్టడం కాజాకుట్టు. ఏజెంటు ఊరికి దారం తెచ్చి, తూచి ఇచ్చి, పూలు పట్టుకెళ్తాడు. ఒక ఊళ్లో అల్లిన పూవు ఇంకో ఊళ్లో దుప్పటిలో చేరుతుంది. పదిమంది చేతుల బిగువులు కలిసిన పూలను వంకర లేకుండా ఒక చదరంలో పరచగలిగేది అతుకుపని చేసేవాళ్లే. నా దృష్టిలో ఈ కళలో అందరికన్నా నేర్పరులు వాళ్లు. దుప్పటి చేతికొచ్చాక పూవుని మెచ్చుకుంటాం గాని అతుకు కనబడదు. కనబడకుండా ఉండడమే దాని గొప్పతనం.

ఈ పరిశ్రమ గురించి లోతుగా రాసినవారు జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్. 1970ల చివర నరసాపురం ప్రాంతంలో తిరిగి ఆమె చేసిన అధ్యయనం 1982లో లండన్‌లో పుస్తకంగా వచ్చింది. లక్షకు పైగా ఆడవాళ్లు లేసు అల్లుతున్నారని ఆమె అంచనా. ఇంటిపని కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా రూపాయి కూడా రాలేదు; వ్యవసాయ కూలీ మహిళకు చట్టం నిర్ణయించిన కనీస వేతనంలో అది చాలా చిన్న భాగం. ఎగుమతిదారులు మాత్రం ధనవంతులయ్యారు. లెక్కల్లో వీళ్లు శ్రామికులు కారు, ‘ఖాళీ వేళల్లో’ అల్లుకునే గృహిణులు. ఆ ఒక్క మాటే కూలిని అణచి ఉంచిందని మీస్ తేల్చిచెప్పారు. ఆమె వాదన ఈనాటికీ చెక్కుచెదరలేదని నా నమ్మకం. ఇంటి గుమ్మంలో కూర్చుని చేసినంత మాత్రాన ఎనిమిది గంటల పని కాలక్షేపం అయిపోదు.

1970లలోనే చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల తలుపులు తెరుచుకున్నాయి. దమ్మామ్ ఉన్న సౌదీ తూర్పు ప్రాంతం, కువైట్, మస్కట్, దుబాయి ఎందరో తెలుగు కూలీల గమ్యాలయ్యాయి. ఉభయగోదావరి జిల్లాల నుంచి ఇళ్లల్లో పనికని ఆడవాళ్లే పెద్ద సంఖ్యలో వెళ్లారు. లేసు మీద నెలంతా రాని డబ్బు అక్కడ రెండు మూడు రోజుల్లో వస్తుంటే అల్లిక మానుకోవడంలో వింత లేదు. పనిని ముక్కలు చేసినంత మాత్రాన దాని విలువ తగ్గనక్కర్లేదని అక్కడే ఒక ఊరు చూపిస్తుంది. దమ్మామ్‌కు దక్షిణాన, కారులో గంటన్నర దూరంలో ఉన్న అల్ అహ్సా మగవాళ్లు ధరించే బిష్త్ అనే అంగీకి పేరుపడ్డది. దాని అంచున జరీ పనిని కూడా దశలుగా విడగొట్టి, ఒక్కో దశ ఒక్కొక్కరు కుడతారు. ఆ పని మగవాళ్లది, వంశపారంపర్యం, ఖరీదైనది. కుట్టిన కుటుంబాల పేర్లు కొనేవాళ్లకు తెలుసు. అల్ అహ్సా 2015లో యునెస్కో సృజనాత్మక నగరాల జాబితాలో చేతివృత్తుల విభాగంలో చోటు సంపాదించింది.

నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు 2024లో దక్కింది. ఇక వేరే చోట అల్లినదాన్ని ఆ పేరుతో అమ్మడం చట్టరీత్యా కుదరదు. యంత్రంతో చేసిన చవక చైనా లేసు విదేశీ మార్కెట్లను కమ్మేసిన తర్వాత ఇది అవసరమైన రక్షణే. నరసాపురం దగ్గర సీతారాంపురంలో లేసు వ్యాపార కేంద్రం ఉంది, మహిళా సంఘాలు నేరుగా అమ్ముకునే ప్రయత్నాలు సాగుతున్నాయి. బల్లగుడ్డలతో పాటు పిల్లల గౌన్లు, చెవి దుద్దులు, జడలో పెట్టుకునే పూలు అల్లుతున్నారు. గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది. పూవుకు ఎంత ఇవ్వాలన్నది ఇప్పటికీ ఏజెంటుకూ అల్లినామెకూ మధ్య గుమ్మంలోనే తేలుతోంది.