బహిర్గతమంటే బలవంతమా?

ఇంగ్లండులో పుట్టిన జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్ భౌతికకాయం మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చెందాలని నిర్ణయమైన సంగతి మీకు తెలుసా? 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆయన, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహం ఆ కళాశాలలో వైద్యవిద్యకు ఉపయోగపడాలని ముందే వీలునామా రాశారు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావుది కాకినాడ దగ్గరి పిఠాపురమే. ఒక జన్యువు తన జంటను ఎందుకు కనబడనీయదు అన్నది హాల్డేన్ ఆలోచించిన ప్రశ్నల్లో ఒకటి.

మెండెల్ బఠానీలు మీకు పాఠంలో వచ్చే ఉంటాయి. గుండ్రటి గింజల రకాన్ని ముడతల గింజల రకంతో సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే. రెండో తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. అంటే దాదాపు 3:1. మెండెల్ వాడిన జర్మన్ మాటకు 'ఏలేది' అని అర్థం. చిక్కంతా ఆ మాటతోనే వచ్చింది. ఏలేదంటే బలమైనదనీ, మంచిదనీ, నలుగురిలో ఎక్కువగా ఉండేదనీ అనుకుంటాం. మన 'బహిర్గతం' నయం. పైకి కనిపించేది అని మాత్రమే చెబుతుంది.

ఈ పొరపాటు పెద్దవాళ్ళూ చేశారు. పొట్టివేళ్ళు బహిర్గత లక్షణమని ఒక అమెరికన్ కుటుంబాన్ని పరిశీలించి ఫారబీ 1900ల తొలి సంవత్సరాల్లోనే చూపాడు. అలాగైతే కాలక్రమాన ప్రతి నలుగురిలో ముగ్గురికి పొట్టివేళ్ళే ఉండాలి కదా అన్న సందేహం 1908లో లండన్ చర్చలో వచ్చింది. జన్యుశాస్త్రజ్ఞుడు పన్నెట్ దాన్ని తన స్నేహితుడు హార్డీ ముందు పెట్టాడు. తరువాత మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీయే. ఆయన చిన్న బీజగణితంతో తేల్చేశాడు: జతకట్టడం యాదృచ్ఛికంగా జరిగి, ప్రకృతివరణం లాంటివి పనిచేయనప్పుడు, అరుదైన జన్యువు అరుదుగానే మిగులుతుంది. అది బహిర్గతమా కాదా అన్నదానితో పనిలేదు.

మరి బఠానీలో దాగుడుమూతలేమిటి? జవాబు 1990లో దొరికింది. ముడతల రకంలో పిండిపదార్థపు శాఖలను అల్లే ఎంజైము జన్యువులోకి అదనపు డీఎన్ఏ ముక్క చొరబడి దాన్ని చెడగొట్టింది. చక్కెర మిగిలిపోయి, గింజ నీటిని ఎక్కువగా పీల్చుకుని, ఎండినప్పుడు ముడుచుకుపోతుంది. ఒక్క మంచి ప్రతి ఉన్నా సరిపడినంత ఎంజైము తయారవుతుంది కనుక గింజ గుండ్రంగానే ఉంటుంది. పెత్తనమేమీ లేదు, ఒకరి జీతంతో ఇల్లు గడవడం లాంటిదే.

జబ్బుల్లో కథ వేరుగానూ నడుస్తుంది. 1872లో జార్జ్ హంటింగ్టన్ వర్ణించిన నరాల వ్యాధిలో ఒక్క చెడ్డ ప్రతి చాలు. దాని నుంచి తయారయ్యే ప్రొటీనే మెదడు కణాలకు హాని చేస్తుంది. రెండో ప్రతి ఎంత బాగున్నా ఆ హాని ఆగదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం ప్రమాదం. ఇంత ఘోరమైన జన్యువును ప్రకృతి ఎందుకు ఏరివేయలేదు? హాల్డేన్ 1941లో వెలువడిన పుస్తకంలో దీన్ని చర్చించారు. జబ్బు సాధారణంగా నడివయసులో బయటపడుతుంది, అప్పటికే పిల్లలు పుట్టేసి ఉంటారు. ఆ జన్యువును 1993లో నాలుగో క్రోమోజోము మీద గుర్తించారు.

హాల్డేన్ తర్కానికి మన దగ్గరే మరో ఉదాహరణ ఉంది. హైదరాబాదులోని సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, సహచరులు 2009లో ఒక ఫలితం ప్రకటించారు. గుండె కండరపు ప్రొటీన్ ఒకదాని జన్యువులో 25 అక్షరాలు తొలగిపోయిన మార్పు భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉంది. అది గుండె కండర వ్యాధి ముప్పును పెంచుతుందని వారు చూపారు. ఒక ప్రతి ఉన్నవారిలో చాలామందికి ఆ ఇబ్బంది వయసు మళ్ళాకే కనిపిస్తుంది. రెండు ప్రతులూ అవే అయితే జబ్బు తీవ్రంగా, చిన్నతనంలోనే రావచ్చు. అంటే ఇక్కడ బహిర్గతం కూడా సంపూర్ణం కాదు.

ఈ కథ అక్కడ ముగియలేదు. ఈ తొలగింపు ఉన్న క్రోమోజోముల్లో కొన్నింటి మీద మాత్రమే ఉండే మరో అరుదైన మార్పే ముప్పులో పెద్ద భాగానికి కారణమని 2020లో మరో బృందం వాదించింది. ఆ లెక్కన ఆ 4 శాతం మందిలో ఎక్కువమంది గుండెలకు ఈ జన్యువు వల్ల భయం తక్కువే.