పెన్నా జలాలు: ఎగువ, దిగువ హక్కుల చరిత్ర

పెన్నా కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, రాయలసీమ మీదుగా 597 కిలోమీటర్లు పారి నెల్లూరు తీరాన ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇది దేశాల సరిహద్దు దాటే నది కాదు. అయినా పైవాడు నీళ్లు ఆపుకుంటే కిందివాడికి దిక్కేమిటన్న ప్రశ్న ఇక్కడ అంతర్జాతీయ న్యాయం కంటే ముందే కాగితం మీదికి వచ్చింది.

1850లలో నెల్లూరు ఆనకట్ట, 1886 నాటికి సంగం ఆనకట్ట వచ్చి డెల్టా వరిసాగు పెన్నా మీద ఆధారపడింది. అప్పుడు నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది; నది పుట్టుక మైసూరు సంస్థానంలో. 1892 ఫిబ్రవరి 18న కుదిరిన మద్రాసు–మైసూరు ఒప్పందం పేరు చెబితే అందరికీ కావేరి గుర్తొస్తుంది. కానీ దాని జాబితాలో పెన్నా, చిత్రావతి, పాపాఘ్ని కూడా ఉన్నాయి. మద్రాసు సమ్మతి లేకుండా ఈ నదులపై మైసూరు కొత్త ఆనకట్టలు, జలాశయాలు కట్టకూడదు. అప్పటికే అనుభవంలో ఉన్న హక్కును కాపాడుకోవడానికి తప్ప మద్రాసు కూడా కాదనకూడదు.

మూడేళ్ల తర్వాత, 1895లో, రియో గ్రాండే నది విషయంలో అమెరికా అటార్నీ జనరల్ జడ్సన్ హార్మన్ ఇందుకు పూర్తిగా విరుద్ధమైన అభిప్రాయం ఇచ్చాడు: తన నేల మీది నీటిని ఎలా వాడుకున్నా దిగువనున్న మెక్సికోకు అమెరికా జవాబుదారీ కాదు. మెక్సికోకు దక్కని రక్షణ నెల్లూరు రైతుకు దక్కింది. అయితే అది న్యాయబుద్ధి వల్ల వచ్చిందనలేం. మద్రాసు నేరుగా బ్రిటిష్ పాలనలో ఉంది, మైసూరు వారికి లోబడిన సంస్థానం.

బలాన్ని బట్టి కాక అవసరాన్ని బట్టి పంచాలన్న 'సమన్యాయ వినియోగ' సూత్రం 1966 హెల్సింకి నియమాలతో స్థిరపడింది. 1997 మే 21న ఐక్యరాజ్యసమితి దాన్ని ఒడంబడికగా ఆమోదించింది. భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. 2014లో అది అమల్లోకి వచ్చింది. దేశం లోపల మాత్రం అదే సూత్రం నిలిచింది. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ కృష్ణాను సమన్యాయం ప్రకారమే పంచి, పరీవాహక ప్రాంతం బయటికి నీటిని మళ్లించడమూ చట్టబద్ధమేనంది.

ఈ రెండో మాటే నెల్లూరు స్థానాన్ని మార్చింది. తమిళనాడు కృష్ణా పరీవాహక రాష్ట్రం కాదు; చెన్నై దాహానికి హక్కుగా అడగగలిగింది లేదు. అయినా 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. 1983 ఏప్రిల్ 18 ఒప్పందం ప్రకారం ఆవిరి, ఇంకుడు నష్టాలు పోను సరిహద్దులో ఏటా 12 టీఎంసీలు అందాలి. అదే తెలుగుగంగ. శ్రీశైలం నీరు వెలుగోడు, బ్రహ్మంసాగర్ దాటి సోమశిలలో పెన్నాతో కలిసి, 68 టీఎంసీల కండలేరు చేరి, అక్కడి నుంచి కాలువలో చెన్నైకి నీరిచ్చే పూండి జలాశయానికి వెళ్తుంది. సోమశిల, కండలేరు నెల్లూరు జిల్లాలోవే కనుక, ఒకప్పుడు మైసూరు వైపు చూసిన జిల్లా చెన్నైకి ఎగువ అయింది. హక్కు లేనివారికి తాగునీరిచ్చిన ఈ ఒప్పందం, నా దృష్టిలో, ఏ ట్రిబ్యునల్ తీర్పు కన్నా ఉదాత్తమైనది.

1996లో తొలి నీరు పూండి చేరింది. మట్టి కాలువ కోసుకుపోయి నష్టం పెరగడంతో సత్యసాయి ట్రస్టు 2004 నాటికి దాన్ని బాగుచేయించింది. అయినా చాలా ఏళ్లలో 12 టీఎంసీలు పూర్తిగా అందలేదు. 2019 వేసవిలో చెన్నై చెరువులు ఎండినప్పుడు కండలేరు కూడా అడుగంటింది. ఆ వానాకాలం శ్రీశైలం నిండాక, సెప్టెంబరులో మళ్లీ నీరు వదిలారు.