మంచు ఖండం, గాజు పలకలు

1915 ఆగస్టు 27 రాత్రి. అంటార్కిటికా అంచున వెడెల్ సముద్రం గడ్డకట్టి ఉంది. దాని మధ్య చిక్కుకుపోయి నెలల తరబడి కదలని ఓడ ఒకటి. ఒక మనిషి ఆ చీకట్లో మంచు దిబ్బల వెనక సుమారు 20 చోట్ల మెగ్నీషియం పొడి వెలిగించి, ఆ మెరుపుల్లో ఓడ మొత్తాన్నీ ఫొటోగా ఒక గాజు పలక మీదికి ఎక్కించాడు. మెరుపు మెరుపుకీ కళ్లు బైర్లు కమ్మి మంచులో తట్టుకుని పడ్డాడు కూడా. ఓడ పేరు ఎండ్యూరెన్స్. మనిషి పేరు ఫ్రాంక్ హర్లీ, సిడ్నీవాడు.

రాయచోటిలో పుట్టి సిడ్నీలో స్థిరపడిన నాకు ఈ దేశపు చరిత్ర మీద ఆసక్తి పుట్టింది ఇలాంటి ఫొటోలతోనే. మన దగ్గర ఆస్ట్రేలియా అంటే క్రికెట్టు, కంగారూలు, పిల్లల పైచదువులు. దక్షిణాన ఉన్న మంచు ఖండంలో సుమారు 42 శాతం తనదేనని ఈ దేశం చెప్పుకుంటుందన్న సంగతి మనవాళ్లలో చాలామంది వినలేదు. ఆ మాట వెనక ఓడలున్నాయి, జెండాలున్నాయి. కెమెరాలు కూడా అంతే బలంగా ఉన్నాయి.

1901 జనవరి 1న ఆరు వలస రాజ్యాలు కలిసి ఆస్ట్రేలియా ఒక దేశమైంది. పదేళ్లకు, అడిలైడ్ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చెప్పే డగ్లస్ మాసన్ సొంతంగా ఒక యాత్ర కట్టాడు. దక్షిణ ధ్రువ యాత్రకు తనతో రమ్మని బ్రిటన్‌కు చెందిన కెప్టెన్ స్కాట్ పిలిచినా వెళ్లలేదు. ధ్రువాన్ని ముందుగా తొక్కడం కన్నా, ఆస్ట్రేలియాకు ఎదురుగా ఉన్న మంచు తీరాన్ని కొలవడమే ఆయనకు ముఖ్యం. 1911 డిసెంబరు 2న అరోరా ఓడ హోబర్ట్ నుంచి బయలుదేరింది. అందులో 26 ఏళ్ల హర్లీ ఉన్నాడు. పదమూడేళ్లకే ఇల్లు వదిలి ఇనుప కర్మాగారంలో చేరినవాడు, తర్వాత పోస్టుకార్డులకు ఫొటోలు తీసి బతికినవాడు. మాసన్ ప్రయాణించే రైలుపెట్టెలోనే తనూ ఎక్కి, దారి పొడవునా బతిమాలి ఆ పని సంపాదించుకున్నాడు.

వాళ్లు దిగిన కేప్ డెనిసన్ దగ్గర గాలి వేగం ఏడాది సగటే గంటకు 70 కిలోమీటర్ల పైమాట. ఆ గాలికి ఎదురుగా ముందుకు వాలి నిలబడ్డ మనుషుల ఫొటోలు చూస్తే మన ఈదురుగాలులు గుర్తుకు రావు, అది వేరే లోకం. గడ్డకట్టే చలిలో గాజు పలకలు కడగాలి, ఆరబెట్టాలి. రసాయనాలకు, చలికి వేళ్లు పగిలిపోతాయి. అయినా ఆ పని ఆగకూడదు, ఎందుకంటే ఫొటోలే యాత్రకు రాబడి. దాతల డబ్బు చాలదు. తిరిగొచ్చాక సినిమా వేసి, తెర మీద ఫొటోలు చూపిస్తూ ఉపన్యాసాలిచ్చి అప్పులు తీర్చుకోవాలి. 1914లో ఎండ్యూరెన్స్ మీద బయలుదేరిన యాత్ర నాయకుడు షాకిల్టన్ సినిమా హక్కుల బేరం ముందే కుదుర్చుకున్నాడు. హర్లీని వెంటబెట్టుకున్నది ఆ బేరం కోసమే.

మాసన్ యాత్రలో అన్నిటికన్నా ఘోరమైన ఘట్టానికి మాత్రం ఫొటో లేదు. 1912 డిసెంబరు 14న ఆయన బృందంలోని నిన్నిస్, పైన మంచు కప్పిన లోతైన నెర్రెలో పడిపోయాడు. మా సీమ చేలల్లో ఎండకు విచ్చుకునే నెర్రెలు కాలు పట్టేంత ఉంటాయి. అది కుక్కలనూ స్లెడ్జి బండినీ మనిషినీ కలిపి మింగేంతది. ఆ బండితోపాటు తిండిలో ఎక్కువ భాగం, గుడారం పోయాయి. మిగిలిన కుక్కలను తింటూ వెనక్కి నడిచారు. జనవరి 8న బృందంలోని మరో మనిషి మెర్ట్జ్ చనిపోయాడు. మాసన్ ఒక్కడే ఫిబ్రవరి 8న స్థావరం చేరేసరికి, అరోరా కొన్ని గంటల ముందే వెళ్లిపోయింది. మరో ఏడాది అక్కడే ఉండాల్సి వచ్చింది. 1984లో తెచ్చిన నూరు డాలర్ల నోటు మీద ఈ దేశం ఆయన ముఖాన్ని అచ్చువేసుకుంది.

ఎండ్యూరెన్స్ కథ చాలామందికి తెలుసు కనుక క్లుప్తంగా చెబుతాను. మంచు ఒత్తిడికి ఓడ నలిగిపోతుంటే 1915 అక్టోబరు 27న అందరూ దిగేశారు. సగం మునిగిన ఓడలోని మంచునీళ్లలోకి దూకి హర్లీ తన నెగటివ్‌లను పైకి తెచ్చాడు. కానీ పడవల్లో అంత బరువు మోయడానికి లేదు. షాకిల్టన్, హర్లీ ఇద్దరూ మంచు మీద కూర్చుని ఒక్కొక్క పలకనూ చూసి, సుమారు 120 ఉంచుకుని, 400 దాకా అక్కడికక్కడే పగలగొట్టారు. తర్వాత మనసు మారి మళ్లీ ఏరుకోకూడదని అలా చేశారు. నేను ఎంతో ఇష్టపడే ఫొటోలు ఆ తర్వాతివి. జేబులో పట్టే చిన్న కొడాక్, మూడు రీళ్లు మాత్రమే మిగిలితే, హర్లీ వాటితో తీసినవి 38. చివరికి పడవల్లో చేరిన ఎలిఫెంట్ దీవిలో, బోర్లించిన ఆ పడవల కిందే తలదాచుకుని రోజులు లెక్కపెట్టిన మనుషుల ముఖాల మసి, గడ్డాలు, ఆకలి అందులో ఉన్నాయి. అందం కోసం తీసినవి కావవి.

అదే దీవి ఫొటో ఒకటి నన్ను బాధపెడుతుంది. ఎలిఫెంట్ దీవి నుంచి రక్షణ అన్న పేరుతో లోకమంతా చూసిన ఫొటో నిజానికి 1916 ఏప్రిల్ 24నాటిది. సాయం తేవడానికి షాకిల్టన్, మరో ఐదుగురు జేమ్స్ కెయిర్డ్ అనే పడవలో బయలుదేరుతుంటే ఒడ్డున మిగిలిన 22 మంది సాగనంపుతున్న దృశ్యమది. వాళ్లను కాపాడిన చిలీ ఓడ యెల్చో వచ్చింది ఆగస్టు 30న. కింద రాసిన మాట మార్చగానే వీడ్కోలు కాస్తా విముక్తి అయిపోయింది. హర్లీకి రెండు మూడు నెగటివ్‌లు కలిపి ఒకటిగా అచ్చువేసే అలవాటూ ఉండేది. 1917లో మొదటి ప్రపంచ యుద్ధరంగంలో ఫొటోలు తీస్తున్నప్పుడు ఈ విషయమై చరిత్రకారుడు చార్లెస్ బీన్ ఆయనతో గట్టిగా గొడవపడ్డాడు. నేను బీన్ పక్షమే. చచ్చేంత కష్టపడి తీసిన నిజమైన ఫొటోకు అబద్ధపు పేరు పెడితే ఆ కష్టానికే అన్యాయం.

స్కాట్ బృందం 1912 జనవరిలో ధ్రువం దగ్గర దారం లాగి తీసుకున్న తమ ఫొటో కూడా ఇక్కడ చెప్పాలి. ఐదుగురూ తిరుగుదారిలో చనిపోయారు. ఆ ఫిల్ము నవంబరు 12న గుడారంలో, శవాల పక్కన దొరికింది. వెతకడానికి వెళ్లినవాళ్ల స్లెడ్జి బండ్లు లాగినవి హిమాలయాల్లో తర్ఫీదు పొంది భారతదేశం నుంచి వచ్చిన కంచరగాడిదలు. లాల్ ఖాన్, బేగం, రాణి, గులాబ్, ప్యారీ... ఏడింటికీ మన పేర్లే. మంచు వెలుగు కళ్లకు కొట్టకుండా వాటికి రంగుటద్దాలు కూడా పంపారు. అవే సంవత్సరాల్లో ఆస్ట్రేలియా 1901 నాటి వలస నిరోధక చట్టంతో మనలాంటి మనుషులను రేవుల్లోనే ఆపేస్తోంది. యూరప్ భాషలో చెప్పింది రాయమనే పరీక్ష పెట్టి వెనక్కి పంపేది. ఆ పరీక్ష 1958 దాకా సాగింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చదవకపోతే ఈ దేశం పూర్తిగా అర్థం కాదు.

1929, 1931 మధ్య మాసన్ మళ్లీ దక్షిణానికి వెళ్లాడు, హర్లీని వెంటబెట్టుకునే. ఈసారి జెండా ఎగరేసి ప్రకటన చదవడమే ముఖ్యమైన పని, దానికి సాక్ష్యం కెమెరా. 1933లో బ్రిటన్ ఆ భూభాగాన్ని ఆస్ట్రేలియాకు రాసిచ్చింది. 1959 అంటార్కిటికా ఒప్పందం ఇలాంటి హక్కుల దావాలను పక్కన పెట్టి, అందరికీ పరిశోధనకు దారి తెరిచింది. 1983లో మనమూ అందులో చేరాం. 2012లో మొదలైన మన భారతి స్థావరం ఉన్న లార్స్‌మన్ గుట్టలు, ఆస్ట్రేలియా తనదనే ఆ భాగంలోనే ఉన్నాయి.

1981 నుంచి మన దేశపు యాత్రల్లో శాస్త్రజ్ఞులతోపాటు సైనికులు, డ్రైవర్లు, వంటవాళ్లు కూడా వెళ్లొస్తున్నారు. మీ బంధువుల్లోనో వీధిలోనో అలా వెళ్లొచ్చినవాళ్లు ఉంటే వాళ్ల ఆల్బమ్ అడిగి చూడండి. కువైట్ నుంచి వచ్చిన మా ఇంటి ఫొటోల వెనక తేదీలు లేక, ఎవరు ఎవరో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. మంచు ఖండం ఫొటోలకు ఆ గతి పట్టనివ్వకండి. ఎవరు తీశారు, ఏ రోజు, ఎక్కడ, పక్కన ఉన్నదెవరు అన్నది వాళ్ల నోటి నుంచే విని, ప్రతి ఫొటో వెనకా పెన్సిల్‌తో రాయించండి.