పబ్లిక్ హెల్త్ డిగ్రీ అంటే డాక్టర్ కోర్సు కాదు.. ఇంటర్ తర్వాత చేరేముందు ఇవి తెలుసుకోండి

ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో అనుకున్న ర్యాంకు రాలేదు. అయినా హెల్త్ ఫీల్డ్ వదలాలని లేదు. ఇలాంటి విద్యార్థుల ముందుకు వస్తున్న కోర్సుల్లో పబ్లిక్ హెల్త్ డిగ్రీ ఒకటి. కొన్ని యూనివర్సిటీలు దీన్ని బీఎస్సీ పబ్లిక్ హెల్త్ అంటే, మరికొన్ని బ్యాచిలర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ అంటున్నాయి. పేరులో హెల్త్ ఉంది కదా, పూర్తయ్యాక వైద్యం చేయొచ్చు అనుకుంటే పొరపాటే. ఈ డిగ్రీతో మందులు రాసే అర్హత రాదు. మరి ఇందులో ఏం నేర్పుతారు? ఉద్యోగాలు ఎలా ఉంటాయి?

ఉద్దానం చూస్తే అర్థమవుతుంది

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం గురించి తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బులు కుటుంబాలను కుంగదీస్తున్నాయి. జబ్బు పడిన మనిషికి డయాలసిస్ చేసేది డాక్టర్లు, నర్సులు, టెక్నీషియన్లు. ఇంతమందికి ఇక్కడే ఎందుకు వస్తోంది? నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, వంశపారంపర్యమా? కొత్తగా ఇంకొకరికి రాకుండా ఏం చేయాలి? ఈ ప్రశ్నల వెంట పడేదే పబ్లిక్ హెల్త్. ఇప్పటికీ ఒకే కారణం అని తేలలేదు. అలాగని కారణం తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపులైన్లతో తాగునీటి పథకం తెచ్చారు. ఇదీ పబ్లిక్ హెల్త్ నిర్ణయమే.

ఏం చదవాలి?

ఎపిడెమియాలజీ: జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు వస్తోందో పట్టుకునే శాస్త్రం. ఈ కోర్సుకు వెన్నెముక ఇదే.

బయోస్టాటిస్టిక్స్: సర్వే డేటాను లెక్కగట్టి తేల్చడం. లెక్కలంటే భయంతో బైపీసీ తీసుకున్నవాళ్లు ముందే గమనించాల్సిన సబ్జెక్ట్.

వీటితో పాటు తాగునీరు, పారిశుధ్యం, పోషకాహారం, ఆరోగ్య పథకాల అమలు, జనం అలవాట్లు ఎలా మారతాయన్న పాఠాలు ఉంటాయి. మంచి కోర్సులో ఊళ్లలో తిరిగి చేసే ఫీల్డ్ వర్క్ తప్పనిసరి.

ఉద్యోగాల సంగతేంటి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన దేశంలో పబ్లిక్ హెల్త్ చదువు ఎక్కువగా పీజీ స్థాయిలోనే పెరిగింది. తిరువనంతపురం శ్రీచిత్ర ఇన్‌స్టిట్యూట్‌లో ఎంపీహెచ్ 1997లో మొదలైంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ కూడా ఎంపీహెచ్ నడుపుతున్నాయి. అందుకే ఎపిడెమియాలజిస్ట్ లాంటి పోస్టులకు సాధారణంగా ఎంబీబీఎస్ లేదా ఎంపీహెచ్ వంటి పీజీ అడుగుతారు. డిగ్రీతో ఆగితే స్వచ్ఛంద సంస్థల్లో ఫీల్డ్ సర్వేలు, డేటా సేకరణ, ప్రాజెక్ట్ అసిస్టెంట్ పనులు దొరకొచ్చు. పైకి వెళ్లాలంటే ఎంపీహెచ్ చేయాల్సిందే. అంటే మొదట్నుంచీ డిగ్రీ ఫీజుతో పాటు మరో రెండేళ్ల పీజీ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంకో మాట. చాలా సంస్థలు ఎంపీహెచ్‌లోకి ఇతర డిగ్రీలవాళ్లనూ తీసుకుంటాయి. నర్సింగ్, న్యూట్రిషన్, స్టాటిస్టిక్స్ చదివి ఇటు వచ్చే దారి ఉంది. నర్సింగ్ లాంటి డిగ్రీకి సొంతంగా ఉద్యోగ అర్హత ఉంటుంది కాబట్టి, ఇంటి పరిస్థితి బట్టి అదే మేలు కావొచ్చు.

ఈ పేర్లతో కన్ఫ్యూజ్ కావొద్దు

ఎంపీహెచ్ వేరు, ఎంపీహెచ్ఏ వేరు. ఎంపీహెచ్ఏ అంటే మల్టీ పర్పస్ హెల్త్ అసిస్టెంట్. సబ్ సెంటర్లలో పనిచేసే ఆ మహిళా పోస్టులకు ఏఎన్ఎం తరహా శిక్షణ ఉండాలి. పబ్లిక్ హెల్త్ డిగ్రీ దానికి బదులు కాదు.

చేరేముందు అడగాల్సినవి

* యూనివర్సిటీకి యూజీసీ గుర్తింపు ఉందా? సర్టిఫికెట్‌పై డిగ్రీ పేరు ఏమని వస్తుంది?
* కోర్సు మూడేళ్లా, ఆనర్స్‌తో నాలుగేళ్లా?
* ఫీల్డ్ వర్క్ ఎన్ని నెలలు? ఎక్కడ?
* ఎపిడెమియాలజీ, స్టాటిస్టిక్స్ చెప్పే రెగ్యులర్ ఫ్యాకల్టీ ఉన్నారా?
* గత బ్యాచ్‌లు ఇప్పుడు ఎక్కడున్నాయి? బ్రోచర్ చూసి ఊరుకోకుండా పాత విద్యార్థులతోనే మాట్లాడండి.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు అక్కడి ప్రోగ్రామ్‌కు కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఫర్ పబ్లిక్ హెల్త్ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి.

తెల్లకోటు, స్టెతస్కోప్ కావాలనుకుంటే ఈ కోర్సులో అవి దొరకవు. ఊరి నీళ్లు, డేటా, సర్వేలు, జనంతో మాట్లాడటం ఇష్టమైతే, ఎంపీహెచ్ దాకా చదివే ఓపిక ఉంటే మాత్రం చేరొచ్చు. సీటు కోసం డబ్బు కట్టేముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఇదే.