ఇసుక నేలల తాటికల్లు

తెనాలిలో రేపల్లె బండి యెక్కి కిటికీ ప్రక్కన కూర్చుండిన వారికి దారి పొడవునను రెండు చరిత్రలు కానవచ్చును. మొదటిది పచ్చనిది. 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువల వెంట నడచివచ్చిన వరిచేల చరిత్ర యది. దానిని గూర్చి మనము తరచుగ చెప్పుకొందుము. రెండవది నల్లనిది, నిటారుగ నిలిచినది. అది తాటిచెట్టు చరిత్ర. వేమూరు దాటి, భట్టిప్రోలు దాటి బండి సాగినకొలది పొలము గట్లమీద ఒంటరిగ నున్న తాళ్ళు జంటలగును, జంటలు వరుసలగును. రేపల్లెలో దిగి నిజాంపట్నము వైపు పోయినను, ఆవల బాపట్ల నుండి సూర్యలంక వైపు పోయినను, ఇసుక నేలలలో వరుసలు తోపులగును. వరి పండని చోట ఈ చెట్టే పంట.

తాటి చెట్టును గూర్చి చెప్పబూని కల్లు మాట దాటవేయుట చరిత్రకారునికి తగదు. కల్లును గూర్చి ప్రసంగమా యని కొందరు శ్రోతలు కనుబొమలు ముడివేయవచ్చును. మేము త్రాగుమని చెప్పుటకు గాని, మానుమని బోధించుటకు గాని పూనుకొనలేదు. ఒక చెట్టు చుట్టును, ఆ చెట్టెక్కు మనిషి చుట్టును ఈ సీమలో రెండు శతాబ్దములుగ ఎన్ని చట్టములు, ఎన్ని ఉద్యమములు, ఎన్ని కన్నీళ్ళు తిరిగినవో చెప్పుటయే మా ఉద్దేశము.

ముందు పని తీరు చూతము. తాళ్ళలో పోతుతాడు, పెంటితాడు అని రెండు జాతులు. ముంజలు, పండ్లు, పాతరలో మొలచు తేగలు పెంటితాడు ఇచ్చునవి. కల్లు మాత్రము రెండును ఇచ్చును. చలికాలము ముదిరి గెలలు పొటమరించు వేళకు గీత ఆరంభమగును. గీత కార్మికుడు నడుమునకు చెట్టునకు కలిపి మోకు చుట్టుకొని, కాళ్ళకు బంధము తగిలించుకొని, వెనుక కత్తిపొది వ్రేలాడగా పైకి ప్రాకును. లేత గెలను కొన్నాళ్ళు మృదువుగ నొక్కి, కట్టి, కొన పలుచగ చెక్కును. చెక్కు మందమైనచో గెల త్వరగ అరిగిపోవును, మరీ పలుచనైనచో చుక్క జారదు. తండ్రి చేతి కదలిక చూచి కొడుకు నేర్చుకొనవలసిన విద్య యిది. గెల క్రింద లొట్టి కట్టి దిగివచ్చును. ప్రొద్దుట ఒకమారు, సాయంకాలము ఒకమారు ఎక్కుట తప్పదు. ఒక్కపూట మానినచో గాయము ఆరి, ధార నిలిచిపోవును. చెట్టునకు ఆదివారము లేదు.

గెలనుండి జారు రసము తేనెవలె తియ్యనిది, నూటికి సుమారు పండ్రెండు పాళ్ళు చక్కెర గలది. లొట్టి లోపల సున్నము పూసినచో అది పులియక నీరాగ నిలుచును. నీరాను కాచినచో తాటిబెల్లము. సున్నము లేని లొట్టిలో నిన్నటి తేమయందు దాగియున్న సూక్ష్మజీవులు చక్కెరను మద్యసారముగ మార్చుట వెంటనే ఆరంభించును. కావున ఉదయపు కల్లు తీపి, మధ్యాహ్నపు కల్లు ఘాటు, మరునాటిది పులుపు, ఇంకను నిలువయుంచినచో కాడి. నూటికి నాలుగైదు పాళ్ళకు మించి మద్యసారము దానిలో సాధారణముగ చేరదు. దానిని కాచి ఆవిరిపట్టినప్పుడే సారా పుట్టును. కల్లునకును సారాకును గల ఈ భేదమును శాసనకర్తలు గుర్తించిరా లేదా యన్న ప్రశ్న మీదనే తరువాతి చరిత్ర యంతయు నడచినది.

కల్లులలోను రకములు గలవు. ఈతచెట్టునకు గెల చెక్కరు, మొవ్వు క్రింద మానునే గాటుపెట్టుదురు. ఏజెన్సీ కొండలలో జీలుగుచెట్టు కల్లు గలదు. మన తీరమున తాటిదే పెత్తనము. లేత తాటాకు మడిచి దొన్నెగ చేసి, పై నుండి లొట్టితో పోయగా నురుగుతో త్రాగుట పాత మర్యాద. ప్రక్కన ఎండుచేపయో, వేయించిన శనగలో ఉండును. దొరలనాడు రొట్టెల పిండి పొంగుటకు పులియు కల్లునే కలిపెడివారు.

ఇచ్చట సముద్రముల కావలి చుట్టము నొకదానిని స్మరింపవలెను. మన రైలుకట్టల వెంట కంచెగ పెరుగు కిత్తనార మెక్సికో దేశమునుండి వచ్చిన జాతి. ఆ దేశీయులు ఆ జాతి మొక్క గుండెను తొలిచి ఊరిన రసమును పులియబెట్టి పుల్కే యని త్రాగెడివారు. అది మన కల్లునకు సోదరి. ఆ కుదురులోనిదే నీలి కిత్తనార. ఏడెనిమిదేండ్లు పెంచి, ఆకులు నరికి, బొండమును ఉడికించి, రసము పులియబెట్టి, రెండుమారులు ఆవిరిపట్టగా వచ్చునది టెకీలా. వెంటనే సీసాకెత్తినది తెల్లనిది. ఓక్ పీపాలలో రెండు మాసములు నిలిపినది ఒక తరగతి, ఏడాది నిలిపినది మరియొక తరగతి. చిత్రమేమనగా, పదునారవ శతాబ్ది చివర స్పెయిను ఓడలలో మనీలా నుండి పోయిన ఫిలిప్పీను నావికులు మెక్సికో పడమటి తీరమునకు కొబ్బరికల్లు గీయుటయు, దానిని ఆవిరిపట్టు విద్యయు తీసికొనిపోయిరి. కిత్తనారను ఆవిరిపట్టుట వీరినుండియే నేర్వబడెనని కొందరు పండితుల అభిప్రాయము. ఆ దేశము 1974లో టెకీలా పేరునకు చట్టరక్షణ కల్పించినది. 2006లో ఆ తోటలున్న సీమ ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికకెక్కెను. అచ్చట బొండము నరకువాని చిత్రము సీసాలమీద వెలసినది. ఇచ్చట చెట్టెక్కువాని చిత్రము పోలీసు దస్త్రములలో వెలసినది. ఏల ఇట్లయ్యెను?

1611లో ఆంగ్లేయుల గ్లోబు ఓడ నిజాంపట్నము చెంత లంగరు వేసెను. తెల్లవారు మన తీరములలో విన్న ‘తాడి’ మాటనే ‘టాడీ’ యని తమ నిఘంటువుల కెక్కించుకొనిరి. మాటతో తృప్తిపడక, రాజ్యము చేజిక్కిన పిమ్మట చెట్టుమీద పన్ను వేసిరి. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టము వచ్చినది. గీయదలచిన చెట్టునకు పన్ను, అమ్మదలచిన దుకాణమునకు ఏటేట వేలముపాట. పాట పాడినవాడు షావుకారు, చెట్టెక్కినవాడు కూలి. భూమిశిస్తు తరువాత రాజధాని ఖజానాకు పెద్ద ఆదాయములలో ఆబ్కారీ ఒకటయ్యెను. ప్రజల త్రాగుడు పెరిగినకొలది సర్కారు బొక్కసము నిండుచుండెను. అందుచేతనే కల్లుదుకాణము పరప్రభుత్వమునకు గురుతయ్యెను.

1921లో సహాయ నిరాకరణము వచ్చినప్పుడు గుంటూరుజిల్లా ముందు నిలిచినది. చీరాల పేరాల ప్రజలు ఊరు విడిచిరి. బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున పన్నుల నిరాకరణము సాగెను. ఆ దినములలోనే కల్లుపాటల బహిష్కారమును, దుకాణముల యెదుట పికెటింగును జరిగెను. గాంధీమహాత్ముడు మద్యమును మానుమని చెప్పుచునే నీరాను, తాటిబెల్లమును ప్రోత్సహించుట ఇచ్చట గమనింపవలెను. చెట్టుమీద ఆయనకు కోపము లేదు. గీతవృత్తి మానినవానికి మరియొక బ్రతుకుతెరువు చూపవలెనన్న ఆలోచన ఆయనకుండెను. అనుచరులు మొదటి సగమును గట్టిగ పట్టుకొనిరి. రెండవ సగము బలహీనపడినది.

1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించెను. యుద్ధకాలమున అది సడలెను. 1946లో మరల ఆరంభమై 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటను అమలులోనికి వచ్చెను. ఎందరో ఇల్లాండ్రకు అది నిజముగనే మేలు చేసినది. భర్త కూలిడబ్బులు ఇంటికి చేరిన దినములవి. దీనిని కాదనువారు ఆ యిండ్ల మొగము చూడనివారు. కాని అదే దినమున తాటిచెట్లను నమ్ముకొనిన వేల కుటుంబముల పొయ్యి ఆరినది. పగలు నిషిద్ధమైన పని రాత్రి దొంగతనమయ్యెను. పులిసిన కల్లు మానిపించిన చోట తుప్పలలో దొంగసారా కాగెను.

1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు ఈ చిక్కుముడి దానికి వారసత్వముగ వచ్చెను. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము ఎస్. వి. రామమూర్తిగారి అధ్యక్షతన విచారణసంఘమును నియమించెను. నిషేధము విఫలమైనదనియు, ఎత్తివేయవలెననియు సంఘము చెప్పినది. గౌతు లచ్చన్నగారు గీతకార్మికుల పక్షమున నిలిచి ఉద్యమము నడపిరి. 1954 నవంబరులో ఈ సమస్యమీదనే శాసనసభలో అవిశ్వాసతీర్మానము వచ్చెను. ఒకే ఒక్క ఓటుతో మంత్రివర్గము పడిపోయెను. తుపాకుల యెదుట రొమ్ము చూపిన ఆంధ్రకేసరి గద్దె దిగుటకు కారణము తాటికల్లు తగవు! నవ్వదగిన మాట కాదు. ఖజానా, గృహిణి, గీతకార్మికుడు — ఈ ముగ్గురిలో ఎవరిని నొప్పింపక తీర్పు చెప్పుట ఎంత కష్టమో ఆ ఒక్క ఓటు చెప్పుచున్నది.

తగవు అంతటితో తీరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణము మూయించుటతో మహోద్యమము చెలరేగెను. 1993లో సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో అది సడలినది. ఇంతలో కల్లునకును పాడుకాలము దాపురించెను. చెట్టు కల్లు చాలని చోట్ల నీటిలో క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందులు కలిపి కల్లు పేర అమ్ముట ఆరంభమయ్యెను. అది చెట్టు ఇచ్చినది కాదు, విషము. దానికి అలవడినవాడు మానినను నరకము, మానకున్నను నరకము.

ఆ నడుమ శబ్దగ్రహణము పనిమీద రేపల్లె దిగువకు పోయి ఒక వృద్ధ గీతకార్మికుని కలిసికొంటిమి. ఎండిన మోకు పాకచూరునుండి వ్రేలాడుచున్నది. ఆయన యెక్కిన తోపు ఇప్పుడు రొయ్యలచెరువు. ఉన్న చెట్లలో కొన్ని ఇటుకబట్టీలకు పోయినవట. కొడుకు పట్నములో ఆటో నడుపుచున్నాడు. కల్లు మంచిదా చెడ్డదా యని మేమడుగగా ఆయన కొంతసేపు ఊరకుండి, “అది తాగేవోణ్ణి అడగండి బాబుగారూ. నా చేతిలో ఉన్నంతసేపు అది తేనే. కిందికి దిగాక సంగతి నాకేం తెలుసు?” అనెను. తరువాత తన అరచేతులు మాకు చూపెను. మోకు ఒరసి ఒరసి వాటి గీతలన్నియు చెరిగిపోయినవి. “జాతకం చెప్పేవోడికి కూడా పనికిరావు,” అని నవ్వెను. మేము యంత్రము నిలిపివేయుట మరచితిమి. కొంతదూరము వచ్చిన తరువాత వినగా ఆ నవ్వు వెనుక తాటాకుల గలగల కూడ పట్టువడియుండెను.

1948 డిసెంబరు 1న మా విజయవాడ కేంద్రము తన గొంతు సవరించుకొనినది. అప్పటికి ఈ సీమలో నిషేధము వచ్చి యెంతో కాలము కాలేదు. నాటినుండి నేటివరకు త్రాగుడువలని నష్టములను గూర్చి ప్రసంగములకు కొదవ యుండలేదు. అవి అవసరమే, ఇక ముందును అవసరమే. కాని చెట్టెక్కువాని తరపు మాట వినిపించిన వేళలు తక్కువ. 2022లో బాపట్ల జిల్లా యేర్పడి రేపల్లె అందులో చేరినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే మిగిలినది. సరిహద్దులు మారినవి, తాళ్ళు మాత్రము ఇరువైపులను ఒకే తీరున నిలిచియున్నవి. 2023లో హైదరాబాదు నగరమున ప్రభుత్వమే నీరా కేంద్రమును తెరచినది. గాంధీజీ చెప్పిన రెండవ సగము ఇంత ఆలస్యముగనైనను గుర్తునకు వచ్చుట సంతోషము. నీరా, తాటిబెల్లము, ముంజ, తేగ — వీటికి సంతలో గౌరవము దొరికినచో త్రాగుడు పెరుగకయే చెట్టు బ్రతుకును, చెట్టెక్కువాడును బ్రతుకును.

తాడు నాటినవాడు దాని కల్లు త్రాగడని మన పెద్దలు తలంచెడివారు. అది ఎదిగి గీతకు వచ్చుటకు పదునైదు ఇరువదియేండ్లు పట్టును. తరువాతివారికై నాటు చెట్టది. రేపల్లె బండి కిటికీనుండి ఈసారి చూచునప్పుడు, ఏ గట్టుమీదనైన జానెడెత్తు తాటిమొక్క కనబడునేమో గమనింపుడు. కనబడినచో ఈ కథకు ఇంకను తరువాయి గలదన్నమాట.